మామ సంగటి మీదికి నెట్టిన నేరం

మా మేనమామది పెద్దముడియం దగ్గర పల్లె. ఆయనకు గొర్రెల మంద ఉంది. పొద్దున లేస్తూనే దొడ్లోకి వెళ్లి, ముత్యాల బేరగాడిలా పెంటికలను వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. మరీ గట్టిగా ఉంటే నీళ్లు చాలలేదంటాడు. జారుగా ఉంటే కడుపులో పురుగు పడిందంటాడు. ఒకసారి పొట్టేలును కొనడానికి పులివెందుల వైపు నన్ను వెంటబెట్టుకుపోయి, దాని మొహమైనా చూడకుండా వెనకవైపు చతికిలబడ్డాడు. అది పెంటికలు వేసేదాకా బేరం మొదలుపెట్టలేదు. నా యవ్వనమంతా ఆ తోక కిందే గడిచిపోయింది.

అంతటి పండితుడు తన సంగతి మాత్రం కట్టుకున్న మనిషికి కూడా చెప్పడు. ఇంట్లో మరుగుదొడ్డి కట్టించుకున్నా, దొంగతనానికి పోయినట్టే పోతాడు. పని కాగానే మైలవరం డ్యాము గేట్లెత్తినట్టు నీళ్లు గుమ్మరించి, సాక్ష్యమనేది మిగలకుండా చేస్తాడు.

మొన్నటి ఎండాకాలంలో ఆ మామ జమ్మలమడుగులో బస్సెక్కబోయి, కళ్లు తిరిగి మెట్టు మీదే కూలబడ్డాడు. అత్త ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆయన్ను ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయాను. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందట. అది ఎటు పోతోందో తెలియాలి.

"పెద్దాయనా, విరేచనం ఎట్లా అవుతాండాది?" అని డాక్టరమ్మ అడిగింది.

మామ ఫ్యాను వైపు చూశాడు. "అంతా బాగుండాది తల్లీ."

"నల్లగా, జిగటగా ఏమన్నా..."

"రాగిసంగటి తినేటోల్లకు తెల్లగా పోతాదా?"

పక్క మంచాల వాళ్లంతా నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. తాతముత్తాతల నుంచీ మమ్మల్ని సాకిన సంగటి మీదికి నేరం నెడతాడా! అసలు ఈ సిగ్గు మనకెవరు నేర్పారు? పెళ్లికి పోతే ముక్క ఉడికిందా, ఉప్పు చాలిందా అని ఊరంతా అడుగుతుంది. ఆ ముక్క ఆ తర్వాత ఏమైందో ఒక్కడూ అడగడు. నోట్లో పడేదాకా పండగ, కడుపులోకి పోయాక పరువు! గొర్రె కడుపుకున్న గౌరవం మనిషి కడుపుకు లేదు.

మంచం మీదికి వంగి అడిగాను. "మామా, నీ పొట్టేలు తారు మాదిరి నల్లగా, జిగటగా పెడ్తాంటే, మేత అట్లాంటిదని గమ్మునుంటావా?"

"యాడ గమ్మునుంటా? లోపల రగతం కారతాందని డాక్టరు కాడికి..." అంటూనే ఆగిపోయాడు. గోడ వైపు తిరిగాడు. గోడకే చెప్పాడు. "మోకాళ్ల నొప్పికి మాత్రలు మింగబట్టినప్పట్నించీ అట్లనే పోతాండాదిరా."

"శానా రోజులాయెనా?"

"ఊఁ."

నేను పరిగెత్తి డాక్టరమ్మకు చెప్పాను. మందులషాపులో అడిగి తెచ్చుకున్న ఆ మాత్రలు ఆయన కడుపులో పుండు చేశాయి. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూస్తే ఆ పుండు నుంచి రక్తం ఇంకా కారుతూనే ఉంది. రక్తం ఎక్కించారు, పుండుకు మందులిచ్చారు, ఆ మాత్రలు మళ్లీ ముట్టొద్దన్నారు. ఇంకొన్నాళ్లు సంగటిని తిడుతూ కూర్చుని ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది.

ఇప్పుడు మామ బాగున్నాడు. బాగుండటమే నా ప్రాణం మీదికొచ్చింది. సిగ్గు పోయిన మనిషికి హద్దు ఉండదని నాకేం తెలుసు? రోజూ నేను సంగటి ముద్ద ఊరుబిండి పచ్చడిలో అద్దే వేళకే నా ఫోన్‌కు ఫొటో పంపుతాడు. వెంటనే ఫోన్ కూడా చేస్తాడు.

"చూసినావా అల్లుడా? ఎట్లుండాది?"

"తినేటప్పుడు పంపొద్దని ఎన్నిసార్లు చెప్పాలప్పా నీకు!"

"చెప్పలేదని ఆ పొద్దు ఆసుపత్రిలో నువ్వే గదరా ఎగిరెగిరి పడితివి?"

తిట్టుకుంటూ ఫోన్ పెట్టేస్తాను. తిట్టుకుంటూనే ఫొటో తెరుస్తాను. గోధుమరంగు. ఇంకా దగ్గరికి లాగి చూస్తాను. గోధుమరంగే. అప్పుడు ముద్ద గొంతు దిగుతుంది.