సాక్ష్యానికి లేచిన ఆదివారం

పాప నిద్రపోయింది. ముక్కు కింద వేలు పెట్టి చూశాను, వెచ్చగా గాలి తగిలింది. కాసేపాగి మళ్ళీ చూస్తాను. ఈ రెండు చూడటాల మధ్య దొరికిన సమయంలోనే నా చదువు సాగింది. ఇప్పుడు ఈ రాతా అంతే.

దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు చేస్తున్నాను. ఈ ఏడాది పేపర్లలో ఒకటి ప్రపంచ సాహిత్యం, జ్ఞానోదయ యుగం నుంచి ఆధునిక కాలం దాకా. కడుపుతో ఉన్నప్పుడే చేరాను. మేముండేది కోట అనే ఊళ్ళో. తరగతులు గూడూరులో, అదీ ఆదివారాలు. మా అత్తగారింట్లో ఆదివారమంటే చర్చి. నేను బస్సుకు బయల్దేరుతుంటే అత్త వాకిట్లోకి వచ్చేది.

"ఏందిమే, దేవుడి దినాన దొరల కతలకు పోతుండావా?"

"ఆ దొరలు కూడా దేవుడి గురించే పోట్లాడుకున్నారత్తా."

"ఎవురు గెలిచినారు?"

"ఇంకా అందాకా రాలేదు."

"వచ్చినాక చెప్పు. నీళ్ళు బాగా తాగు. కడుపులో ఇద్దరుండారు."

ఆ ఇద్దరూ నెలలు నిండకముందే నెల్లూరు ఆసుపత్రిలో పుట్టారు. ముందు బాబు, వెనకే పాప. నేను మత్తులో ఉన్నాను. ఇద్దర్నీ గాజుపెట్టెల్లో పెట్టారు. నేను మంచం దిగి నడిచేలోపే బాబు పోయాడు. మా ఆయన, మామ వాడిని ఊరికి తెచ్చి సమాధుల తోటలో పెట్టి వచ్చారు. గుడ్డలో చుట్టి వాళ్ళ చేతికిచ్చింది అత్త. వాడిని ఒళ్ళో పెట్టుకున్నది ఆమె ఒక్కతే. మా ఆయన అద్దంలోంచి చూశాడు గానీ, గొట్టాలూ ప్లాస్టర్లూ తప్ప ఏమీ కనపడలేదన్నాడు. నేను అదీ చూడలేదు.

ఇంటికొచ్చాక వాడి మాట ఎవరూ ఎత్తలేదు. చూడవచ్చిన వాళ్ళందరూ ఒకటే అన్నారు. "ఏం జరిగినా మన మంచికేనమ్మా. దేవుడు ఒకరినన్నా నిలబెట్టినాడు." అత్త వాళ్ళకు టీ ఇచ్చి తల ఊపేది. వాళ్ళు వెళ్ళాక నేను అడిగేదాన్ని.

"వాడెట్ట ఉన్నాడత్తా?"

"పాపకు పాలు పట్టు మే," అని లేచిపోయేది.

పొద్దున్నే పాపకు నీళ్ళు పోసేది ఆమే. పెరట్లో పీట మీద కూర్చుని, చాపిన కాళ్ళ మీద పాపను పడుకోబెట్టుకుని, నూనె చేత్తో ముక్కు పైకి లాగేది, తల గుండ్రంగా ఒత్తేది, చెవులు సాగదీసేది. పాప ఊరంతా వినపడేటట్టు ఏడ్చేది. నేను చెంబుతో నీళ్ళు అందిస్తూ, ఆ చేతులకు తెలిసినంత కూడా వాడు నాకు తెలీదు కదా అనుకునేదాన్ని.

మళ్ళీ పుస్తకం తీసినప్పుడు చదువు మొదట నా కోపానికి పనికొచ్చింది. జ్ఞానోదయ కాలంలో, పండగ పూట ఆరాధనలో ఉన్న జనం మీద భూకంపంలో చర్చీలు కూలితే, అంతా మంచికే అన్న పెద్దల్ని రచయితలు నిలదీశారట. అది చదివి, అంత దూరం నుంచి ఎవరో నా తరఫున మాట్లాడినట్టు అనిపించింది. ఆ తర్వాతి కవులు కొండల ముందూ సముద్రం ముందూ నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నారు. మాకు సముద్రం దగ్గరే గానీ, దాని ముందు నిలబడి ఏడ్చే తీరిక ఎవరికుంది? ఆ తర్వాత లావుపాటి నవలలు వచ్చాయి. వాటిలో పసిపిల్లలు ఒక్క వాక్యంలో పోయేవాళ్ళు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయేదాన్ని. పేజీ తిప్పితే తల్లి అప్పటికే వంట చేస్తూ ఉంటుంది.

ఆధునికుల దగ్గరికి వచ్చిన రోజు క్లాసులో సారు అన్నారు. "ఇక్కడి నుంచి రచయిత ఎందుకు జరిగిందో చెప్పడం తగ్గించేశాడమ్మా. జరిగింది చెప్పి పక్కకు తప్పుకుంటాడు." బస్సులో కోటకు వచ్చేదాకా ఆ మాటే తలలో తిరిగింది. పోట్లాటలో ఎవరు గెలిచారని అత్త మళ్ళీ అడగలేదు.

మా చర్చిలో బిడ్డ పుట్టి బాగుంటే తల్లి లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు చేసిన మేలు పదిమందిలో చెప్పి వందనాలు పెట్టాలి. పాప బలహీనంగా ఉందని నాది వాయిదా పడుతూ వచ్చింది. పాప పాకడం మొదలుపెట్టాక అత్త ఆదివారం ఖాయం చేసింది.

"ఏం జెప్తావు?"

"తెలీదత్తా."

"తెలీకేముండాది? బిడ్డనిచ్చినాడు, కాపాడినాడు, వందనాలు అని కూర్చో. పరీచ్చలో రాసినట్టు పేజీలు పేజీలు చెప్పబాక."

ఆ ఆదివారం గూడూరు వెళ్ళలేదు. ఆడవాళ్ళ వైపు చాప మీద నుంచి లేచాను. ఎందుకిలా జరిగిందని అడగాలని ఇంట్లో చాలా మాటలు కూర్చుకుని వెళ్ళాను. పాప అత్త ఒళ్ళో కూర్చుని పాటల పుస్తకం అంచు నములుతోంది. అది చూశాక కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకు ఇద్దరు బిడ్డలు. బాబు ముందు పుట్టినాడు, పోయినాడు. నేను వాడి మొకం చూళ్ళేదు. ఇది పాప. అందరికీ వందనాలు."

కూర్చున్నాను. వెనక నుంచి ఒక ముసలామె "ఆమేన్" అని సగంలో ఆపేసింది. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. అత్త పాపను చంకనేసుకుని నాకంటే ముందు నడిచి ఇల్లు చేరింది. పదిమందిలో ఆమెకు తలవంపులు తెచ్చానని భయపడ్డాను.

మర్నాడు పొద్దున పాపకు నూనె రాస్తూ, చెవి దగ్గరికి వచ్చి ఆమె చేయి ఆగింది.

"వాడి ఎడం చెవి మడత పడి ఉండె," అంది, తల ఎత్తకుండా. "మీ మామకు ఉంటది చూడు, అట్ట. గుడ్డ చుట్టే ముందర వేలితో సర్దినా. నిలవలా. దినామూ నూనె పెట్టి సర్దితేగాని నిలవదు అది."

"ఇంకా?"

"ఇంకేంది. ఆ చెవే సర్దతా ఉండిపోయినా. ఈలోపు తీసకపోయినారు." పాపను బోర్లా తిప్పింది. "మొకం నేనూ సరిగ్గా చూళ్ళేదు మే. నువ్వడిగినప్పుడల్లా ఏమని చెప్పేది?"

చెంబు నా చేతిలోనే ఉంది.

"నీళ్ళు పొయ్. బిడ్డకు చలేస్తది."

పోశాను.

ఈరోజు సాయంత్రం మామ వాకిట్లో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. ఎడమ చెవి పైఅంచు నిజంగానే లోపలికి మడిచినట్టు ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు. గ్లాసు తీసుకునే మిషతో అక్కడే నిలబడ్డాను.

"ఏందమ్మా?" అన్నాడు.

"ఏం లేదు మామా. ఇంకొంచెం టీ పోసేదా?"

వద్దన్నాడు. అయినా కాసేపు అక్కడే ఉన్నాను.