ఎర్ర పార్టీ, నీలం పార్టీ, మధ్యలో మా గోంగూర

ఈ సంగతి నలుగురిలో చెప్పుకుంటే పరువు పోతుందని మా ఆవిడ వసుధ అంటుంది. నేను ఒప్పుకోను. సొంత ఇంట్లో, సొంత కంచం ముందు కూర్చుని, సొంత నోటితో ఇంత పెద్ద ప్రమాదం తెచ్చిపెట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. దోహాలో తెలివైన పనులు చేసిన తెలుగువాళ్ళు వీధికి నలుగురు దొరుకుతారు. ఈ తెలివితక్కువ పని చేసింది మాత్రం నేనొక్కణ్ణే. అందుకే ఛాతీ విరుచుకుని చెబుతున్నాను, వినండి.

అప్పటికి నేను దోహా వచ్చి ఏడాది కూడా కాలేదు. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో మరమ్మతులు చేసే కంపెనీలో ప్లానింగ్ ఇంజనీర్ని. అంటే, ఏ పని ముందో ఏది వెనకో కంప్యూటర్లో గీసి, అది అలా జరగనప్పుడు తిట్లు తినే ఉద్యోగం. నా పేరు చలపతి. మా బాసులిద్దరూ అమెరికన్లు. ఆ పేరుకి నోరు తిరగక "చాల్" అనేవాళ్ళు. రోజంతా "చాల్, చాల్" అంటుంటే, నేనేదో వడ్డిస్తున్నట్టూ వాళ్ళు వద్దంటున్నట్టూ ఉండేది.

ఒకాయన వేడ్, ప్రాజెక్ట్ మేనేజరు. టెక్సాస్ మనిషి, గుమ్మం దగ్గర తల వంచుకుని రావాలి. ఇంకొకావిడ లిండా, ఇంజనీరింగ్ మేనేజరు. బోస్టన్ నుంచి వచ్చింది. గుమ్మమే ఆవిడకి తల వంచాలి, అంత దర్జా. ఇద్దరి గదులకీ మధ్య ఒక్కటే గోడ.

చేరిన కొత్తలోనే మా ఆఫీసు డ్రైవరు పోశన్న నన్ను హెచ్చరించాడు. ఆయనది జగిత్యాల వైపు.

"సార్, ఒక ముచ్చట చెప్త, యాదికుంచుకోండ్రి. ఆ ఇద్దర్ని ఒక్క బండిల ఎక్కియ్యద్దు. ఆయన లిఫ్టుల ఉన్నడంటే ఆమె మెట్లెక్కుకుంట పోతది, ఐదో అంతస్తు దాంక."

"ఎందుకు పోశన్నా? ఆస్తి తగాదానా?"

"ఆస్తి కాదు సార్, ఓటు. ఆయనది ఎర్ర పార్టీ అట, ఆమెది నీలం పార్టీ అట. ఓట్లు పడేది అమెరికాల, మీటింగులు బందయ్యేది ఈడ!"

అమెరికాలో గట్టి పార్టీలు రెండే. ఒకటి ఎరుపు, ఇంకొకటి నీలం. ఇది విని నాకు నవ్వొచ్చింది. మాది తెనాలి దగ్గర. మా వైపు టీ కొట్టుకి కూడా పార్టీ ఉంటుంది. అవతలి పార్టీ కొట్లో టీ తాగితే మావాళ్ళకి అరగదు. అలాంటి గడ్డ మీద పుట్టినవాణ్ణి, నాకు రెండు పార్టీల లెక్క ఒక లెక్కా?

మర్నాడే కాఫీ మెషీను దగ్గర వేడ్‌ని పట్టుకున్నాను. (మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే. మీ సుఖం కోసం తెలుగులో చెబుతున్నాను.)

"సర్, మీ ఎర్ర పార్టీ అంటే నాకెంత గౌరవమో!"

ఆయన మొహం చిట్లించాడు. "గౌరవమా? ఎందుకు? ఒకడికీ బుర్ర లేదు. వాళ్ళని టీవీలో చూస్తే నాకే ఒళ్ళు మండుతుంది."

"మరి... ఓటు వాళ్ళకే వేస్తారని విన్నాను?"

"వెయ్యక? వెయ్యకపోతే నీలం వాళ్ళు రారూ!"

నాకు తల తిరిగింది గానీ, దారి దొరికింది. గొంతు తగ్గించి అన్నాను. "నిజమే సర్. ఆ నీలం వాళ్ళకి దేశం అప్పజెప్పడమంటే, పిల్లిని చేపల బుట్టకి కాపలా పెట్టడమే."

వేడ్ పగలబడి నవ్వాడు. నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బకి కాఫీ నా చొక్కా మీద, నేను ఆయన గుండెల్లో పడ్డాం.

మధ్యాహ్నం లిండా గదిలోకి వెళ్ళాను. అదే ప్రయోగం.

"మేడమ్, మీ నీలం పార్టీ చాలా గొప్పదట!"

"ఎవరన్నారు? పిరికిపందలు. ఒక్క మాట మీద నిలబడరు."

"మరి వాళ్ళకెందుకు..."

"ఎర్రవాళ్ళు రాకూడదు కనక!"

ఆహా! ఇద్దరికీ సొంత పార్టీ మీద ప్రేమ చెంచాడు, అవతలి పార్టీ మీద కోపం గంగాళమంత. మా బాబాయిదీ ఇదే ధోరణి. తన పార్టీ గెలిచిందని తెలిసి మామూలుగా భోంచేశాడు. అవతలి పార్టీ ఓడిందని తెలిసి మళ్ళీ వడ్డించమన్నాడు. రెండూ ఒకే రోజు ఒకే వార్త కదా అని అడక్కండి, ఆయన్ని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

"ఆ ఎర్రవాళ్ళకి దేశం అప్పజెప్పడమంటే, పిల్లిని చేపల బుట్టకి కాపలా పెట్టడమే మేడమ్," అన్నాను. లిండా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది. సొరుగులోంచి తీసి చాక్లెట్ కూడా ఇచ్చింది.

ఆ రోజు నుంచి నా వైభవం చూడాలి! పొద్దున టెక్సాస్, మధ్యాహ్నం బోస్టన్. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నారు పెద్దలు. కప్పనీ పామునీ వేరు వేరు గదుల్లో కలుసుకోవచ్చని ఆ పెద్దలకి తోచలేదు పాపం.

అంతలో అసలు చిక్కు వచ్చింది. రాస్ లఫాన్‌లో ఒక ప్లాంటు ఆపి మరమ్మతు చెయ్యాలి. పెద్ద పని. ఏ క్రమంలో చెయ్యాలో బాసులిద్దరూ ఒప్పుకోవాలి. వేడ్ ముందన్నదాన్ని లిండా వెనకంటుంది. లిండా వెనకన్నదాన్ని వేడ్ అసలొద్దంటాడు. ప్లాను వెంటనే తేలకపోతే ఆ పని మరో కంపెనీకి ఇచ్చేస్తామని ప్లాంటువాళ్ళు తేల్చి చెప్పారు. అదే జరిగితే ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉన్న మా వాళ్ళంతా పెట్టె సర్దుకోవాల్సిందే. పోశన్న బావమరిది కూడా అందులో ఉన్నాడు. వాళ్ళ వెనకే నా పెట్టె కూడా.

నాలో మహాపురుషుడు మేల్కొన్నాడు. ఇద్దరికీ ప్రాణమిత్రుణ్ణి నేనొక్కణ్ణే. నేను కాక ఎవరు కలుపుతారు?

"శుక్రవారం ఇద్దర్నీ మనింటికి భోజనానికి పిలుస్తున్నాను," అన్నాను వసుధతో.

ఆవిడ ఇక్కడి ఇండియన్ స్కూల్లో టీచరు. అబద్ధం వాసన వాకిట్లో ఉండగానే పట్టేస్తుంది. "మీరు ఆయన దగ్గర చెప్పినవీ ఈవిడ దగ్గర చెప్పినవీ వాళ్ళు ఒకచోట చెప్పుకుంటేనో?"

"ఛ! పెద్దవాళ్ళు. భోజనాల దగ్గర రాజకీయాలు మాట్లాడతారా?"

"మన పెళ్ళి విందులో మీ బాబాయి విస్తరి విసిరేసింది దేని గురించి మరి?"

నేను వినిపించుకోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఇంట ఓడి, రచ్చనే ఇంటికి పిలిచాను.

శుక్రవారం నజ్మాలోని మా ఫ్లాటుకి ఇద్దరూ వచ్చారు. ఒకరికి తెలియకుండా ఒకర్ని పిలిచాను కాబట్టి, గుమ్మంలో ఎదురుపడి ఇద్దరూ కొయ్యబారిపోయారు. పులిహోర, రొయ్యల ఇగురు, గోంగూర పచ్చడి బల్ల మీదికి వచ్చాయి. కాసేపు ఎండ గురించి మాట్లాడుకున్నారు. తర్వాత దుమ్ము గురించి. ఆ తర్వాత ఇద్దరూ గోంగూరని మెచ్చుకున్నారు. చూశావా అన్నట్టు వసుధ వైపు కనుబొమలెగరేశాను.

సరిగ్గా అప్పుడే వేడ్ అన్నాడు. "ఇంత మంచి తిండి పెడితే మీ నీలం వాళ్ళు దీనిక్కూడా పన్ను వేస్తారు."

లిండా చెంచా కింద పెట్టింది. "మీ ఎర్రవాళ్ళైతే వండినవాళ్ళని దేశంలోకే రానివ్వరు."

"మీ సంగతి ప్రపంచమంతటికీ తెలుసు. కావాలంటే చాల్‌ని అడుగు!"

"చాల్‌నా? తప్పకుండా అడుగుతాను. మీ పార్టీ గురించి ఏమన్నాడో!"

"ఇంకొంచెం పులిహోర?" అన్నాను. ఆ గొంతు నాది కాదు.

"మీకు దేశం అప్పజెప్పడమంటే పిల్లిని..." అని మొదలెట్టాడు వేడ్.

"...చేపల బుట్టకి కాపలా పెట్టడం?" లిండా పూర్తి చేసింది.

మా ఫ్లాటు ఏసీ జన్మలో మొదటిసారి చప్పుడు లేకుండా తిరిగింది.

"అది నీకెలా తెలుసు?"

"నాకూ అదే చెప్పాడు. మీ గురించి!"

"అదే పిల్లా?"

"అదే పిల్లి. అదే బుట్ట."

ఇద్దరూ మెల్లగా నా వైపు తిరిగారు. కనీసం చేపనైనా మార్చి ఉండాల్సింది, నాదే పొరపాటు.

"చాల్, అసలు నీది ఏ పార్టీ?" అన్నాడు వేడ్.

ఇంగ్లీషు మర్చిపోయాను. తెలుగు మర్చిపోయాను. అరబ్బీలో 'లేదు' అనే మాట ఒక్కటే మిగిలింది. "పార్టీ... మాఫీ, సర్."

ముందు లిండా నవ్వింది. తర్వాత వేడ్. తర్వాత, సిగ్గు లేకుండా, మా ఆవిడ. నవ్వులయ్యాక తిట్లు మొదలయ్యాయి. రెండు నాలుకలవాడన్నాడు ఆయన. "వేడ్, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం," అంది ఆవిడ. ఆ మాట ఆవిడ నోట మా ఆఫీసులో ఎవరూ ఎన్నడూ విని ఎరగరు.

"ఇతను గీసిన ప్లాను కూడా ఇలాగే ఉండి ఉంటుంది," అన్నాడు వేడ్.

"తియ్యి, చూద్దాం," అంది లిండా.

నా ల్యాప్‌టాప్ నాచేతే తెప్పించి, పక్కపక్కనే కూర్చుని, నా ప్లానుని చేప తోమినట్టు తోమారు. ఇది తప్పంటే తప్పే అన్నారు. అది ముందంటే ముందే అన్నారు. నన్ను తిట్టే సందడిలో ఒకరి మాట ఒకరు ఒప్పుకుంటున్నామన్న సంగతే వాళ్ళు గమనించలేదు. వసుధ పాయసం తెచ్చేసరికి మొత్తం క్రమం తేలిపోయింది.

పాయసం ఇస్తూ వసుధ అడిగింది. "ఈ కోపాలు మీ ఇళ్ళ దాకా కూడా వస్తాయా?"

వేడ్ గిన్నెలోకి చూస్తూ అన్నాడు. "మా చెల్లెలు నీలం వైపు. గత ఎన్నికల నుంచి మాటల్లేవు."

లిండా చెంచాతో జీడిపప్పు ఏరుతూ అంది. "మా అన్నయ్య ఎర్ర వైపు. వాడి మనవణ్ణి ఇంకా చూడలేదు నేను."

ఆ పూట ఇంకెవరూ పార్టీల మాటెత్తలేదు. ఇద్దరికీ పాయసం రెండోసారి వడ్డించాను.

పని మాకే దక్కింది. క్యాంపులో ఎవరూ పెట్టె సర్దలేదు. నన్ను మాత్రం ఏసీ ఆఫీసులోంచి తీసి ఎండలో సైటు మీదికి పంపాలని బాసులిద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. రాస్ లఫాన్ పోయే బస్సులో పక్క సీటువాడికి ఈ కథంతా చెప్పి, "అమెరికాలో ఎవరివల్లా కానిది నావల్ల అయింది, రెండు పార్టీలూ ఒక్కమాట మీదికొచ్చాయి!" అని మీసం దువ్వాను. నాకు మీసం లేదు. అయినా దువ్వాను.

నెల తిరక్కుండా వేడ్ సైటుకి వచ్చాడు. హెల్మెట్ సర్దుకుంటూ, "మా చెల్లెలికి ఫోన్ చేశాను, చాల్," అన్నాడు.

నా కళ్ళు చెమర్చాయి. "ఏం మాట్లాడుకున్నారు సర్?"

"నీ గురించే. ఆవిడ కూడా నీలాంటి వెధవని చూడలేదంది. గంటసేపు నిన్ను హాయిగా తిట్టుకున్నాం."

కాబట్టి మహాజనులారా, సూర్యచంద్రుల సాక్షిగా, రాస్ లఫాన్ ఎండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అమెరికాని కలిపే బాధ్యత నుంచి నేను శాశ్వతంగా విరమిస్తున్నాను. వాళ్ళ ఇళ్ళు నిలబడటానికి ఒక వెధవ కావాల్సి వస్తే, ఈసారికి మీలో ఎవరైనా ముందుకు రండి.