ఎస్తేరు పేరు మీద వచ్చే కరెంటు బిల్లు

దయ్యాలను నమ్మే ఇంట్లో నేను పుట్టలేదు. మా నాయన మరిపెడ దగ్గరి పల్లెలో చర్చి సంఘ పెద్ద. ఎవరికైనా దయ్యం పట్టిందని తీసుకొస్తే ముందు అన్నం తిన్నారా అని అడిగేవాడు. కూర్చోబెట్టి తినిపించి, ఆ తర్వాతే ప్రార్థన చేసేవాడు. సగం మందికి అన్నంతోనే దిగిపోయేది. చనిపోయినవాళ్లు నిద్రలో ఉంటారు, లోకాంతాన కడబూర మోగేదాకా లేవరు అని మాకు చిన్నప్పుడే నేర్పాడు. నేను ఇప్పటికీ అదే నమ్ముతాను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

నన్ను హనుమకొండలో దేవసహాయం గారికి ఇచ్చి చేశారు. ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. నేను ఆయనకు రెండో భార్యను. మొదటి భార్య ఎస్తేరు ఆయాసం జబ్బుతో పోయింది. పిల్లలు లేరు. ఇది డెబ్బైల నడుమ మాట.

ఆ స్థలం, అందులోని రెండు గదులు ఎస్తేరుకు వాళ్ల నాయన ఇచ్చినవి. నా పెళ్లికి ముందే మా ఆయన దాని ముందర ఇంకో రెండు గదులు వేయించాడు. మేము ముందర ఉండి, వెనక పోర్షన్ కిరాయికి ఇచ్చాం. రెండింటికీ వేర్వేరు మీటర్లు. ముందరిది ఆయన పేరున, వెనకది ఎస్తేరు పేరున. ఆమె పోయినాక పేరు మార్పించాల్సింది. ఆయన మార్పించలేదు.

వెనక గదిలో ఒక సీలింగు ఫ్యాను ఉండేది. ఊపిరాడక ఎస్తేరు రాత్రంతా కూర్చునే ఉంటుంటే చూడలేక ఆయన అప్పు చేసి కొన్నాడట. ఈ మాట నాకు పక్కింటి సుందరమ్మత్త చెప్పింది. మా ముందర గదుల్లో ఫ్యాను లేదు. ఎండాకాలం వస్తే నాకు తాటాకు విసనకర్రే దిక్కు. అడిగితే ఫ్యాను తెచ్చేవాడేమో. నేను అడగలేదు. ఆమె అడగకుండానే తెచ్చాడు కదా, నాకూ అట్లాగే తేవాలని పంతం పట్టి కూర్చున్నాను.

అప్పట్లో బిల్లు చేత్తో రాసిచ్చేవాళ్లు. ముందరి ఇంటి బిల్లు వస్తే ఆయన అల్మారా మీద పడేసేవాడు. వెనక బిల్లు వస్తే మాత్రం కాసేపు చేతిలో పట్టుకొని, అప్పుడు తీసుకెళ్లి కిరాయిదారుకు ఇచ్చేవాడు. నేను వంటింట్లోంచి చూసేదాన్ని. బతికున్న ఆడదాని మీద ఈర్ష్య పడితే తిట్టుకోవచ్చు, కొట్లాడవచ్చు. ఈమెను నేనేం చేయను?

వెనక పోర్షన్లో కొమురయ్య, ఆయన భార్య రాజమ్మ దిగారు. కొమురయ్యకు కాజీపేటలో రైల్వే పని. రాజమ్మ ఒక దవాఖానలో ఆయాగా చేసేది. పొద్దున పోతే పొద్దుగూకినాక వచ్చేవాళ్లు. మంచోళ్లే. కానీ వేసవి మొదలయినప్పటి నుంచి కరెంటు బిల్లు దగ్గర పేచీ వచ్చింది.

"రెండు బల్బులకు గింత బిల్లా సార్? పగలంత మేం ఇంట్లనే ఉండం. ఎట్ల గట్టాలె?" అన్నాడు కొమురయ్య.

నేనే అందుకున్నాను. "మీటరు ఊరికే తిరుగుతదా అన్నా? ఫ్యాన్ వేసిపెట్టి పోతాండ్రేమో చూసుకోండ్రి."

కొమురయ్య నా ముఖం చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత బిల్లు కట్టడం మానేశాడు. కొన్నాళ్లకు రైల్వే క్వార్టరు దొరికిందని సామాను రిక్షాల్లో వేసుకొని పోయారు. బాకీ అట్లాగే ఉండిపోయింది. వాళ్లు మోసగాళ్లని నేను వాడంతా చెప్పాను.

కరెంటాఫీసులో అడుగుదామని ఆయనతోపాటు నేనూ పోయాను. కిరాయిదారు వాడుకున్న కరెంటుకు మేమెందుకు కట్టాలన్నది నా వాదన. అక్కడి క్లర్కు తల కూడా ఎత్తలేదు.

"కిరాయోడు పోతే పోయిండు, ఇల్లు పోలేదు గదమ్మా. మీటర్ ఎవరి పేరు మీదుంటే బాకీ వాళ్లది. కట్టకుంటే లైన్ కట్ చేస్తం. రేపొచ్చే కిరాయోడు దీపం పెట్టుకొని ఉంటడా?" అన్నాడు. తర్వాత కాగితం చూసి, "ఎస్తేరమ్మ అంటే మీరేనా?" అని అడిగాడు.

నేను కాదని చెప్పేలోపే మా ఆయన డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. నా చెప్పులు తెగితే కుట్టించుకోమనే మనిషి. ఆ బాకీ మొత్తం ఒక్కమాట బేరమాడకుండా కట్టేశాడు. దారిలో నేను గొణుగుతుంటే, "పోనీ రత్నం. కాలింది మన ఇంట్లనే గదా" అన్నాడు.

అసలు కథ ఇక్కడి నుంచి. వెనక పోర్షన్ తాళం వేసి ఉంది. కిరాయికి ఎవరూ రాలేదు. అయినా తర్వాతి బిల్లు మునుపటంతే వచ్చింది.

నాకు ఒకటే అనుమానం తట్టింది. తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. బడి మధ్యలో ఇంటికొచ్చి, నాకు తెలియకుండా వెనక సందులోంచి ఆ గదిలోకి పోయి, ఫ్యాను కింద కూర్చొని ఆమెను తలుచుకుంటున్నాడు. ఒకసారి ఈ ఆలోచన వచ్చినాక నాకు తిండి సయించలేదు. మధ్యాహ్నం పడుకోవడం మానేసి గోడకు చెవి పెట్టి కూర్చునేదాన్ని.

ఒకరోజు వినిపించింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. పాత ఫ్యాను కదా, రెక్క తిరిగినప్పుడల్లా సన్నగా కిర్రుమంటోంది. దొరికాడు అనుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా వెనక్కి పరుగెత్తాను.

తలుపుకు బయట తాళం వేసే ఉంది.

కిటికీ రెక్క సందులోంచి చూశాను. గది ఖాళీ. ఫ్యాను తిరుగుతోంది. వచ్చి కూర్చొని, పోతూ పోతూ ఆపడం మరిచాడు అనుకొని ఇంకా మండిపోయాను. అక్కడే అరుగు మీద కూర్చున్నాను, వస్తే అడుగుదామని. ఆయన బడి విడిచాక గొడుగు పట్టుకొని వచ్చాడు. చెయ్యి పట్టి లాక్కొచ్చి తాళం తీయమన్నాను.

తలుపు తెరిస్తే గాలి ముఖానికి కొట్టింది. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల చల్లగా ఉంది. నేను గడపలోంచి స్విచ్చు చూశాను. పైకి ఉంది. అంటే ఆపేసి ఉంది. పక్కన మెయిన్ కూడా దించేసి ఉంది.

ఆయన చెప్పులు విడిచి లోపలికి పోయి, ఫ్యాను కింద నిలబడి ముఖం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. నాకు ఫ్యాను మీద భయం కలగలేదు, ఉన్నమాట చెప్తున్నాను. ఆ ముఖం చూసి కడుపు మండింది. మా పెళ్లినాడు చర్చిలో నా పక్కన నిలబడినప్పుడు కూడా ఆయన ముఖం అట్లా వెలగలేదు.

నేను గడప దాటి లోపల కాలు పెట్టాను. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది.

మర్నాడు నేనే లైన్‌మన్‌ను పిలిపించాను. వైర్లో కరెంటు కారిపోతుంటే మీటరు తిరుగుతుందని అతను అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ అంతా వెతికినా ఎక్కడా కారడం లేదు. చివరికి నిచ్చెనేసి ఫ్యాను విప్పి చూశాడు.

"అమ్మా, దీని కాయిల్ ఎప్పుడో కాలి బొగ్గయింది. లోపల కందిరీగలు గూడు పెట్టినయ్. ఇది తిరగనే తిరగదు."

"నిన్న తిరిగింది."

అతను మా ఆయన వంక చూశాడు. ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు.

నేను బస్సెక్కి కాజీపేట పోయి రాజమ్మ క్వార్టరు వెతుక్కున్నాను. నన్ను చూడగానే బాకీ అడగడానికి వచ్చాననుకొని ఆమె ముఖం గంటు పెట్టుకుంది. బాకీ కట్టేశాం, దాని గురించి రాలేదన్నాక పీట వేసింది.

ఫ్యాను సంగతి అడిగాను.

"ఫ్యానెక్కడిది అక్కా? మేమున్నన్ని దినాలు అది తిరగనే లేదు. బాగు చేయించున్రి అని సార్‌కు ఎన్నిమాట్ల చెప్పినమో. చూస్త చూస్త అనేటోడు." గొంతు తగ్గించింది. "కానీ ఒకటక్కా. మేం పొద్దుగూకి వచ్చి తాళం తీస్తే లోపల సల్లగ ఉండేది. ఎవరో జరసేపటి కిందట్నే లేచిపోయినట్టు. నాకు భయమయ్యి మా ఆయనతోని పోదాం పోదామన్న. నీకెట్ల చెప్పాలె? అప్పటికే బిల్లు కాడ మమ్మల్ని దొంగల లెక్క చూస్తివి."

ఆమె పెట్టిన చాయ్ తాగి వచ్చేశాను. ఇంటికొచ్చేదాకా ఒకటే మాట మనసులో పెట్టుకున్నాను. మీటరు పేరు మారాలి. ఆ ఇంట్లో నా పేరు ఉండాలి.

ఆ సాయంత్రం మా మధ్య గొడవయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అడగనివన్నీ ఆరోజు అడిగాను. "ఆ పేరు మీద మీకెందుకంత ప్రేమ? నేను ఈ ఇంట్ల కిరాయికి ఉంటున్ననా?" అన్నాను.

ఆయన మెల్లగా అన్నాడు, "రత్నం, ఆమె పోయినంక ఆమె పేరు ఎవ్వరూ పలుకుతలేరు. వాళ్ల నాయన పోయిండు. సంఘంల మరిచిన్రు. నేను పలికితే నీకు బాధ. ఆమె పేరు రాస్తున్నది గా బిల్లు ఒక్కటే."

నాకు జాలి వేయాలి. వేయలేదు. నేను పోతే నా పేరు కోసం ఈయన ఇట్లా చేస్తాడా అనిపించింది. పట్టు విడవలేదు.

ఆయనే కాగితాలన్నీ పెట్టాడు. ఆఫీసు చుట్టూ తిరిగి మీటరు నా పేరుకు మార్పించాడు. పాత మీటరు తీసేసి కొత్తది బిగించారు. ఫ్యాను పాత ఇనుము వాడికి వేశాం. పైన కొక్కెం మాత్రం మిగిలింది. బిల్లు కొత్తగా నా పేరుతో వచ్చినప్పుడు ఆయన నా చేతికిచ్చి నవ్వాడు. బిల్లు మామూలుగా ఉంది. ఆ తర్వాత వచ్చిన కిరాయిదారులతో ఏ పేచీ రాలేదు. నేను గెలిచాననుకున్నాను. ఆయన మాత్రం ఎండాకాలం మధ్యాహ్నాలు వెనక అరుగు మీద ఊరికే కూర్చునేవాడు.

ఎనభైలు వచ్చాయి. ఒక వేసవిలో వెనక పోర్షన్ ఖాళీగా ఉంది. ముందర గదులకు సున్నం వేయిస్తున్నాం. అప్పుడే నాకు గట్టిగా జ్వరం వచ్చింది. సున్నం వాసన పడక నన్ను వెనక గదిలో మంచం వేసి పడుకోబెట్టారు. కరెంటు లేదు. తలుపులు మూసి ఉన్నాయి. ఆయన పక్కన కుర్చీలో కూర్చొని తడిగుడ్డ వేస్తున్నాడు. ఆయన అంగీ చెమటతో వీపుకు అంటుకుపోయింది.

ఉన్నట్టుండి నా ముఖానికి గాలి తగిలింది. చల్లగా, ఆగకుండా, పై నుంచి. కళ్లు తెరిచి చూశాను. పైన ఒట్టి కొక్కెం.

"గాలి వస్తున్నది" అన్నాను.

ఆయన చేతిలో గుడ్డ ఆగింది. లేచి నా ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. తర్వాత తన ముఖం నా ముఖం పక్కన పెట్టాడు. ఆయన చెమట నా చెంప మీద పడింది.

"నాకేం తగుల్తలేదు రత్నం."

"నాకు వస్తున్నది."

అప్పుడు ఆయన నన్ను చూసిన చూపు ఎట్లా చెప్పను? నా మీద ఎన్నడూ కోపం చేయని మనిషి. నా దగ్గర ఉన్నది ఏదో లాక్కోవాలన్నట్టు చూశాడు. మరుక్షణం సిగ్గుపడి తల తిప్పుకున్నాడు. నాకు ఆయన మీద అంత దయ అంతకుముందెప్పుడూ కలగలేదు. కొంచెం జరిగి మంచం మీద చోటిచ్చాను. పక్కన కూర్చున్నాడు.

నా నుదుటి మీద వెంట్రుకలు ఎగురుతున్నాయి. ఆయన వేలితో వాటిని అణిచాడు. వేలు తీస్తే మళ్లీ లేచాయి. మళ్లీ అణిచాడు. ఎండ దిగేదాకా అట్లా చేస్తూనే ఉన్నాడు. ఒకసారి చాలా మెల్లగా, నాకు వినపడదనుకొని, ఆమె పేరు పలికాడు. నేను కళ్లు తెరవలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లు కూలగొట్టి కొత్తది కట్టుకున్నారు. ఈ సంగతి దవాఖానలో డాక్టరమ్మకు ఒకసారి చెప్పాను. జ్వరంలో ఒంటికి అట్లా అనిపిస్తుంది, ఫికర్ చేయకు అన్నది. మా పాస్టరు గారు కూడా అదే అన్నారు. నాకేమో ఇప్పటికీ ఒక్కటే అర్థం కాదు. జ్వరం వచ్చింది నాకు. ఎగిరే వెంట్రుకలను చూసింది ఆయన.