ఒకే కమాను పట్టీ, రెండు ఖుకురీలు

భక్త కార్కీ వంపు తిరిగిన రెండు ఖుకురీ కత్తులనూ తెచ్చి కొలిమి ముందు నేల మీద పడేశాడు. మా కొండల్లో కామివాళ్ళు, అంటే కమ్మరి కులంవాళ్ళ, చేతికి ఎవరూ ఏదీ ఇవ్వరు. కింద పెడతారు, వాళ్ళు తీసుకుంటారు. కానీ పెట్టడం వేరు, పడెయ్యడం వేరు. ఆ తేడా ముసలి కమ్మరి హర్కబహాదుర్ చెవికి బాగానే తెలిసింది.

“చూడు. ఒకటి మా అన్నది, ఒకటి నాది. ఏది ఎవరిదో నేను చెప్పక్కర్లేదు” అన్నాడు భక్త.

నిజమే, చెప్పక్కర్లేదు. ఒకదాని అంచు వేలితో తడిమితే నున్నగా జారుతోంది. రెండోది ఎలక కొరికిన రొట్టెలా ఉంది, అంచు పొడుగునా ముక్కలు ఎగిరిపోయి.

కార్కీ అన్నదమ్ములు పోయిన చలికాలం వేరుపడ్డారు. పొలం, గేదెలు, ఇత్తడి సామాను అన్నీ సగం సగం పంచుకున్నారు. తండ్రి ఖుకురీని మాత్రం సగానికి నరకలేరు కదా. దాన్ని దేవుడి మూలన పెట్టేసి, ఒకే పోలికలో రెండు చెయ్యమని హర్కబహాదుర్‌కి చెప్పారు. లోయలో పడిన బస్సు కమాను నుంచి ఒక పట్టీ తెచ్చి, అందులోంచే రెండూ కోశాడతను. పిడులు కూడా ఒకే దున్నపోతు కొమ్ములు. అన్నది వానలకు ముందు పూర్తయింది. వానల్లో హర్కబహాదుర్ భార్య దిల్‌మాయ జ్వరంతో పోయింది. ఆమె కర్మకాండలు ముగిశాక తమ్ముడిది చేశాడు.

మా దసరా పండగ దశైఁలో, నవమి నాడు, అన్న తన వాకిట్లో మేకపోతును ఒక్క వేటుకు తెగనరికాడు. తమ్ముడి కత్తి అంచు మెడ ఎముకకు తగిలి ముక్కలు ఎగిరిపోయింది. మేక అరుస్తూ ఉండగా మూడు వేట్లు వెయ్యాల్సొచ్చింది. ఒక్క వేటుకు తెగకపోతే ఆ ఏడు ఆ ఇంటికి కీడని మావాళ్ళ నమ్మకం. వారం తిరక్కుండా భక్త భార్యకు కడుపు పోయింది. ఇంక ఆ మనిషికి ఎవడేం చెప్తాడు?

“మా అన్న నీకు ఎన్ని గంపల ధాన్యం ఎక్కువ కొలిచాడు?”

“ఒక్క గింజ ఎక్కువ కొలవలేదు హజూర్. ఇనుము ఒకటే, చెయ్యి ఒకటే.”

“అంటే ఆ ఒక్క చెయ్యే అన్న దగ్గర ఒకలా, నా దగ్గర ఒకలా తిరిగిందా? నీ అంత మోసగాడు ఈ కొండల్లో లేడు హర్కే. రేపటికల్లా ఊరంతా చెప్తాను.”

భార్య పోయి మూడు నెలలు కాలేదు, మళ్ళీ ఈ నింద. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. బజార్లో మిషను కత్తులొచ్చాక హర్కబహాదుర్‌కి ఏటా ధాన్యం కొలిచే ఇళ్ళు ఎన్నో మిగల్లేదు. మిగిలినవాళ్ళు కూడా అతని కత్తిని కాదు, అతని మాటను నమ్మి కొలుస్తున్నారు. ఆ మాటే పోతే ఇంక అతనికేముంది?

అతను రెండు కత్తులనూ చెరో చేతిలో పట్టుకుని తూచాడు. ఒకే బరువు. వంపు ఒకటే, నడుము మందం ఒకటే. అన్న కత్తి మీద ఆకురాయి పెడితే కరకరా పట్టింది. తమ్ముడి కత్తి మీద గాజు మీద జారినట్టు జారిపోయింది, అంటే అంచు మరీ గట్టిపడి పెళుసెక్కింది. తను దొంగ కాదని అతనికి తెలుసు. మరి కత్తెందుకు ఇలా సాక్ష్యం చెప్తోంది?

“మీ కళ్ళముందే దీన్ని మళ్ళీ కాల్చి నీళ్ళు పడతాను. అప్పుడు చెప్పండి” అన్నాడు.

ముక్కలెగిరిన గంట్లు పోయేదాకా అంచును సానరాయి మీద అరగదీసి, కత్తిని బొగ్గుల్లో పెట్టి తిత్తి ఊదాడు. ఖుకురీని నీళ్ళలో ముంచరు. ఎర్రగా కాగాక బయటికి తీసి, కెటిల్ ముక్కుతో అంచు వెంబడి మాత్రమే సన్నని ధార పొయ్యాలి. అంచు గట్టిపడాలి, వెన్ను మెత్తగా ఉండాలి. ఆ కెటిల్ ముప్ఫయ్యేళ్ళు దిల్‌మాయ చేతిలో ఉంది. మొదట్లో చురుగ్గానే పోసేది. ఈ ఏడెనిమిదేళ్ళుగా మాత్రం బద్ధకించింది. ఇతను “పొయ్యి” అని అరిచేవాడు, ఆమె కెటిల్ పట్టుకుని అలా చూస్తూ నిలబడేది. “చెవుల్లో సీసం పోసుకున్నావా? గేదైనా ఈపాటికి కదిలేది” అని తిట్టేవాడు. “వస్తున్నా, చెయ్యి పట్టేసింది” అనేది. దిల్‌మాయను నీళ్ళడిగితే వచ్చే ఏడు పోస్తుందని ఊళ్ళో ఒక జోకు కూడా పుట్టింది. ముసలిదైపోయిందనుకున్నాడు. ఆమె పోయాక ఎడమ చేత్తో తనే చప్పున పోసుకుంటున్నాడు.

“ఆ కెటిల్ కాస్త పట్టుకుంటారా హజూర్? తమరే పోస్తే తర్వాత అనుమానం ఉండదు.”

“కామివాడి నీళ్ళు నన్ను ముట్టుకోమంటావా?”

“తాగమనట్లేదుగా.”

భక్త పళ్ళు నూరుతూ కెటిల్ అందుకున్నాడు. పట్టాళంలో పనిచేసినవాడు, హుకుం వినపడితే చెయ్యి ఆగదు. హర్కబహాదుర్ పటకారుతో కత్తిని బయటికి తీసి, చూసి, “పొయ్యండి” అన్నాడు. ఆ మాట ముగిసేలోపే ధార పడింది. ఆవిరి లేచింది. ఆవిరిలోంచి టిక్కుమని చిన్న చప్పుడైంది.

ఆ చప్పుడు ఏ కమ్మరీ మర్చిపోలేడు. అంచు నుంచి నడుము దాకా వెంట్రుకంత చీలిక.

“ఏం పోశారండీ అంత తొందరగా?”

“పొయ్యమన్నది నువ్వేగా. అంత పసుపుగా ఉన్నప్పుడు పొయ్యొచ్చా అనుకుంటూనే పోశాను.”

“పసుపేంటి? ఎర్రగా ఉంది కదా.”

“ఎర్రగానా? పండు నిమ్మకాయలా ధగధగలాడుతుంటే.” భక్త వంగి అతని కళ్ళలోకి చూశాడు. రెండు కళ్ళలోనూ పాలమీగడ లాంటి పొర ఉంది. “నీకు కనపట్టం లేదు హర్కే. ఎన్నాళ్ళైంది?”

ఎన్నాళ్ళో హర్కబహాదుర్‌కి అప్పుడే తెలిసింది. ఆమె “చెయ్యి పట్టేసింది” అనడం మొదలుపెట్టినప్పటి నుంచి. ఇనుము మరీ కాగిపోయి ఉండగానే ఇతను తొందరపడి అరిచేవాడు, ఆమె ఆ పసుపు దిగి ఎరుపు వచ్చేదాకా ఆగేది. చెప్పేస్తే ఆ రోజే సమ్మెట వదిలేస్తాడని చెప్పలేదు. తిట్లు తిని, ఊరి నవ్వులు పడి, అతని పేరు నిలబెట్టింది.

“మరి మా అన్న కత్తో?” అన్నాడు భక్త. గొంతులో కోపం లేదిప్పుడు.

“అది నేను చేసింది కాదు హజూర్. దిల్‌మాయ చేసింది.”

భక్త తన అన్న కత్తి తీసుకుని, చీలినదాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

అన్న కత్తికి నీళ్ళు పట్టిన రోజు హర్కబహాదుర్‌కి గుర్తొచ్చింది. ఆమెకప్పటికే జ్వరం. కెటిల్ రెండు చేతులా పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఇతను రెండుసార్లు అరిచాడు. మూడోసారి, “చస్తేగానీ కదలవా” అన్నాడు. ఆమె ఇనుము వంకే చూస్తూ ఇంకాస్త ఆగి, అప్పుడు పోసింది. ఆమెతో కలిసి చేసిన చివరి పని అదే. మెచ్చుకోవాలని కూడా తోచలేదతనికి.

అతను కెటిల్ తడుముకుని, మిగిలిన నీళ్ళు బొగ్గుల మీద పోసేశాడు. ఆమె ఇన్నేళ్ళు ఏం జరక్కూడదని భయపడిందో అదే జరిగింది. ఆ కొలిమి మళ్ళీ వెలగలేదు.