రేడియో అమ్మమ్మకి రాని భాష

కూరగాయల కొట్టు నడిపే ఆవిడని బజారంతా రేడియో అమ్మమ్మ అనేవాళ్లు. కూరలు తూచేలోపు మూడిళ్ల కబుర్లు చెప్పేసేది. అంతటి వాగుడుకాయ ఒక్కగానొక్క కూతురికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. హాస్టలు ఉన్న చెవిటి పిల్లల బడిలో వేస్తే, ఆ పిల్ల అక్కడ చేతులతో మాట్లాడటం నేర్చుకుంది. కొట్టు వదిలి అమ్మమ్మ ఎక్కడ నేర్చుకుంటుంది చెప్పండి! తిండికీ నిద్రకీ సరిపడా నాలుగు సైగలతో నెట్టుకొచ్చింది.

కూతురు అదే బడిలో చదివిన వడ్రంగిని పెళ్లాడింది. బాబు పుట్టాడు. వాడికి చక్కగా వినపడుతుంది కానీ, ఏడాది నిండబోతున్నా ఒక్క మాట లేదు. అమ్మమ్మ గుండెల్లో రాయి పడింది.

"మాటే లేని ఇంట్లో పిల్లాడికి మాటెలా వస్తుందిరా దేవుడా! నేను తీసుకుపోయి పెంచుతా" అంటూ సంచి పట్టుకుని కూతురింట్లో దిగిపోయింది.

కూతురు అడ్డంగా తలూపింది, ఏడ్చింది. అమ్మమ్మ వింటేగా! వినపడనిది తల్లికా కూతురికా అనిపించింది చూసేవాళ్లకి. పిల్లాడి చొక్కాలు సంచిలో కుక్కేసింది.

మర్నాడు పొద్దున బస్సెక్కాలి. తెల్లారేసరికి చాప మీద వాడు గుప్పిట మూస్తూ తెరుస్తూ కూర్చున్నాడు.

"ఏంట్రా ఈ పిచ్చి చేష్టలు?" అంది అమ్మమ్మ.

వంటగదిలోంచి తొంగిచూసిన కూతురు పాలసీసాతో పరుగెత్తుకొచ్చింది. వాడు ఆవురావురుమని తాగాడు. ఓహో, గుప్పిటంటే పాలా! వీడికి మాట రాలేదని ఎవరన్నారు?

అమ్మమ్మ బస్సు సంగతి మరిచిపోయి వాణ్ణే కనిపెట్టుకుని కూర్చుంది. తల్లి అవతలికి వెళ్లి గుమ్మంలో కనపడగానే వాడు ముక్కు పక్కన వేలు పెట్టుకుని నవ్వాడు. తల్లి మురిసిపోయి ఎత్తుకుంది. ఇంకోసారి కనపడింది; మళ్లీ అదే వేలు, అదే చోట. అమ్మా అని పిలుస్తున్నాడు భడవ!

అమ్మమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. బడి సెలవులకి వచ్చినప్పుడల్లా, పెళ్లయ్యాక గుమ్మంలో ఎదురొచ్చినప్పుడల్లా, నిన్న ఏడుస్తూ కూడా, కూతురు తనని చూసి అలాగే వేలు పెట్టుకుంది. ముక్కు దురదేమో అనుకుంది ఇన్నేళ్లూ.

లేచి, సంచి బోర్లించి, చొక్కాలన్నీ అలమరలో పెట్టేసింది. 'అమ్మ' సరే, మరి కూతుర్ని ఎలా పిలవాలి? కూతురి గుండె మీద వేలు పెట్టి కళ్లతోనే అడిగింది. కూతురు ఆ చెయ్యి పట్టుకుని నేర్పడం మొదలుపెట్టింది.