స్కూలు గేటు దగ్గర నలుగురు నాన్నలు

ఈ సంగతిలో రుజువున్నదేదో, వినికిడి ఏదో ముందే విడదీసి పెడతాను. రుజువున్నవి ఇవి: ఎనభయ్యో దశకం మొదట్లో, విశాఖపట్నంలో కొండవాలు మీదున్న ఒక చిన్న బడి గేటు దగ్గర, ఒక మధ్యాహ్నం నన్ను పిల్లల్ని ఎత్తుకుపోయేవాడినని పట్టుకున్నారు. అప్పుడు నా ఒంటి మీదున్న కోటు నాది కాదు. అటుపక్క ఏడుస్తున్న పిల్ల మాత్రం నాదే. వినికిడి ఏమిటంటే, నేను కూడా ఏడ్చానని. ఇది మా పక్కింటి అప్పారావు ప్రచారం. ఆ ఉక్కపోతలో, ఉన్ని కోటులో, నా ముఖం మీద కారినదంతా చెమటేనని రసాయనశాస్త్రం చదివినవాడిగా చెబుతున్నాను. చెమటలోనూ ఉప్పే, కన్నీటిలోనూ ఉప్పే కనుక ఈ వాదన నిలవదని కూడా ఆ శాస్త్రమే నాకు నేర్పింది.

అప్పట్లో నేను, రేవులో ఓడలకెక్కే ఇనుప ఖనిజాన్ని పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. పరీక్షించనిదే ఏ మాటా నమ్మకూడదన్నది నా నియమం. పాలవాడు పాలలో నీళ్ళు లేవంటే నమ్మేవాణ్ణి కాదు. ఉన్నాయన్నా నమ్మేవాణ్ణి కాదు. మా అత్తగారు పులుసులో ఉప్పు సరిపోయిందంటే, గిన్నె పైనుంచి ఒక చెంచా, అడుగునుంచి ఒక చెంచా తీసి రుచి చూసేవాణ్ణి. ఇలాంటి మనిషితో కాపురం చేసిన మా ఆవిడ సత్యవతి ఓర్పును కొలిచే సాధనం నాకు తెలిసి ఏ ప్రయోగశాలలోనూ లేదు.

మా అమ్మాయి పద్మ ఆ బడిలో ఎల్‌కేజీ. ఊరు నలుమూలలనుంచీ పిల్లలు వచ్చే బడి కనుక, పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే ఎవరిది ఏ పేటో అడగకుండానే తెలుస్తుందని సత్యవతి చెప్పేది. ఎగువన అప్‌లాండ్స్ బంగళాల తండ్రులు చొక్కా లోపలికి దోపి, బూట్లు మెరిపించుకొని, గడియారం చూసుకుంటూ వచ్చేవారు. మా రేవు క్వార్టర్లవాళ్ళం తెల్లబట్టల జోలికి పోయేవాళ్ళం కాదు. ఖనిజపు ధూళి పడి, పొద్దున తెల్లగా వెళ్ళిన చొక్కా సాయంత్రానికి ఇటుకలా తిరిగొచ్చేది. ఉక్కు కర్మాగారం పనులకని గోదావరి, కృష్ణా జిల్లాలనుంచి కొత్తగా దిగినవాళ్ళకు ఈ సంగతి ఇంకా తెలియదు. వాళ్ళు మల్లెపువ్వుల్లాంటి పంచెలు కట్టుకొని, పెళ్ళికి బయలుదేరి దారి తప్పినవాళ్ళలా నిలబడేవారు. గోపాలపట్నం తండ్రులు సైకిలు దిగినా ప్యాంటు క్లిప్పులు తీసేవారు కారు. జాలరిపేట తల్లులు చేపలగంప గేటు పక్కన దించి, పిల్ల ముక్కు కొంగుతో తుడిచి, లోపలికి ఒక్క తోపు తోసి, గంప నెత్తికెత్తుకొని బజారుకు పోయేవారు. నా దృష్టిలో వాళ్ళే అందరికన్నా సమయం తెలిసినవాళ్ళు.

ఇక తగువు. పెద్ద టీచరమ్మ గేటు దగ్గర నిలబడి తల్లిదండ్రుల బట్టలు చూస్తుందనీ, వాటిని బట్టే పై ఏడాది పిల్లలకు సెక్షను ఇస్తుందనీ మా కుళాయి దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. ‘ఎ’ సెక్షను రాతి భవనంలో, సముద్రపుగాలి వచ్చే కిటికీల పక్కన. ‘బి’ సెక్షను రేకుల షెడ్డులో. మా పద్మకు ఎండ తగిలితే ఒళ్ళంతా చెమటపొక్కులు లేచి, రాత్రిళ్ళు గోక్కుంటూ ఏడ్చేది. అందుకని ‘ఎ’ సెక్షను మా ఇంట్లో పరువు సంగతి కాదు, నిద్ర సంగతి. సత్యవతి రోజూ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొనే పిల్లను దింపి వచ్చేది. నేను నవ్వేవాణ్ణి.

“ఏటండీ అలగ నవ్వుతారు? నాను కల్లారా సూసినాను. నిరుడు నలిగిపోయిన సీరతో వొచ్చినావిడ కూతురికి ‘బి’ ఇచ్చినారు.”

“ఒక్క సీరని సూసి సిద్ధాంతం కట్టీకూడదు సత్యా.”

“అలగైతే ఓపాలి మీరే లుంగీ కట్టుకొని ఎల్లండి. అప్పుడు తెలుస్తాది.”

ఆవిడ ఎత్తిపొడిచింది. నేను దాన్ని పరిశోధనకు ఆదేశంగా స్వీకరించాను.

అవకాశం ఆ ఆదివారమే వచ్చింది. సత్యవతి మెట్ల మీద జారి చీలమండ బెణికించుకుంది. నాకా వారం రెండో షిఫ్టు. కాబట్టి పొద్దున పిల్లను దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం నా వంతు. అంతవరకూ నేను ఆ గేటు ముఖం చూసినవాణ్ణి కాను, ఆ గేటు నా ముఖం చూడలేదు. ఇంతకన్నా శుద్ధమైన నమూనా ఎక్కడ దొరుకుతుంది! సత్యవతి కంటపడకుండా వేషం మార్చుకోవడానికి, సంచిలో బట్టలు పెట్టుకొని అప్పారావు ఇంటికి వెళ్ళాను.

“బావా, నీకు పిచ్చిగాని పట్టినాదేటి?” అన్నాడు అప్పారావు, చేతిలో టీ గ్లాసుతో.

“పిచ్చి కాదు బావా, ప్రయోగం. పిల్ల అదే, దారి అదే, టైమదే. రోజుకో పేటోడి బట్టలు కడతాను. ఒక్క బట్టలే మారాలి, ఇంకేటీ మారకూడదు.”

“మరి మొగమో?”

“మొగం మారదు.”

“అయ్యో, మార్సగలిగితే ముందు అదే మార్సీ.”

శాస్త్రానికి పరిహాసాలు కొత్త కాదు కనుక ఊరుకున్నాను. ఒక్క చిక్కుంది. పద్మ నన్ను గేటు దగ్గర “నాన్నా” అని పిలిస్తే, సత్యవతి మంచి చీరల ప్రభావం నా లుంగీ మీద కూడా పడి, ఫలితం కలుషితమవుతుంది. అందుకని దాన్ని కూర్చోబెట్టి చెప్పాను: “గేటు దగ్గర నన్ను నాన్నా అనకూడదమ్మా. నానెవలని ఎవలడిగినా సెప్పకూడదు. నానడిగినా సెప్పకూడదు. సరేనా?” పిల్ల కళ్ళు మెరిశాయి. రహస్యమంటే దానికి జీళ్ళకన్నా ఇష్టం.

సోమవారం గళ్ళ లుంగీ, మెడలో తువ్వాలు. మధ్యాహ్నం పిల్ల కోసం వెళ్తే, గౌరమ్మ అనే ఆయా గేటు దగ్గర నన్ను ఆపింది.

“ఎవల తాలూకు నువ్వు? రిక్సావోడివా?”

“కాదు, ఈ పిల్ల తాలూకు.”

“అలగైతే ఆ గోడకాడ నిల్సో. దారికడ్డం రాకు.”

మంగళవారం రేవు ఖాకీ. “డూటీ ఉన్నాదేటి? బేగి తీసుకెల్లు, సైరను కొట్టీస్తారు,” అంది. బుధవారం అప్పారావు తండ్రిగారి తెల్లపంచె, లాల్చీ. “దండం బాబు. ఎండన నిల్సున్నారేటి, ఇలగ నీడకి రండి,” అని గేటు లోపలికి పిలిచింది. గోడ దగ్గరనుంచి గేటులోకి, నువ్వు నుంచి మీరుకి, రెండు రోజుల్లో ఎంత ప్రగతి! సత్యవతి సిద్ధాంతమే నిజమయ్యేలా ఉందని కొంచెం దిగులుపడ్డాను కూడా. నా దృష్టంతా గౌరమ్మ మర్యాద మీద ఉంది. గౌరమ్మ దృష్టి లెక్క మీద ఉందని నాకు తట్టలేదు. ఆమె రోజూ పిల్లను పక్కకు తీసుకెళ్ళి “ఎవలమ్మా ఆ మనిసి?” అని అడుగుతోందనీ, మా పద్మ పెదాల మీద వేలు పెట్టుకొని “సెప్పకూడదు” అంటోందనీ, అయినా పిల్ల నవ్వుతూ నా వేలు పట్టుకోవడం చూసి పంపేస్తోందనీ నాకు తర్వాత తెలిసింది.

గురువారం కోటు. అది అప్పారావు పెళ్ళికోటు. కలరా ఉండల వాసనతో, నేను రావడానికి ముందే నేను వస్తున్నట్టు చాటే కోటు. కూటికోసం కోటివిద్యలన్నారు, సీటుకోసం నాది కోటువిద్య. మార్చి ఎండలో ఆ కొండ ఎక్కేసరికి ఆవిరి మీద పెట్టిన కుడుములా ఉడికాను. గౌరమ్మ నన్ను చూసి నిండుగా దండం పెట్టింది. లోపలికి రమ్మంది. రాగానే వెనకనుంచి గేటు మూసి గొళ్ళెం పెట్టింది.

“టీచరమ్మా! నాలుగోవోడు వొచ్చినాడమ్మా!”

వాచ్‌మన్ వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. పిల్లల కోసం వచ్చిన పేటలన్నీ గేటుకు చేరాయి. పెద్ద టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చారు.

“మీరెవరండీ?”

“పద్మ తండ్రినండీ.”

“సోమవారం లుంగీలో వచ్చినతను?”

“నేనే.”

“మంగళవారం ఖాకీ?”

“నేనే.”

“నిన్న పంచెలో వచ్చిన పెద్దమనిషి?”

“ఆయనా నేనేనండీ.”

“ఓలమ్మా, అందరూ ఈయనేనట!” అంది గంప దించిన ఒక జాలరిపేట తల్లి. “మాకు ఒక్కడికే దిక్కునేదు, ఈ గుంటకి నలుగురు!”

“రోజుకో వేషం ఎందుకండీ?” అన్నారు టీచరమ్మ.

పాఠకులారా, ఇక్కడ నా పరిస్థితి గమనించండి. నిజం చెబితే, ‘మీరు బట్టలు చూసి పిల్లల్ని విడదీస్తారా లేదా అని మిమ్మల్నే పరీక్షిస్తున్నాను’ అని ఆవిడ ముఖానే అనాలి. ‘ఎ’ సెక్షను అక్కడికక్కడే పోతుంది. చెప్పకపోతే నేను దొంగను. ఎన్నడూ రుజువు లేని మాట అనని నేను అన్నాను కదా:

“బట్టలు ఆరలేదండీ.”

“మార్చి నెలలోనా?”

చివరి ఆశగా పద్మ వైపు తిరిగాను. గౌరమ్మ దాన్ని రెండు చేతులా తనకు హత్తుకొని నిలబడి ఉంది.

“పద్మా, నానెవలో సెప్పమ్మా.”

పిల్ల కళ్ళనిండా నీళ్ళు. పెదాలు బిగించి ఉన్నాయి. “సెప్పకూడదు,” అంది.

“ఎవరు చెప్పొద్దన్నారమ్మా?” అన్నారు టీచరమ్మ మెల్లగా.

పిల్ల వేలు నా వైపు లేచింది.

జనం నా చుట్టూ దగ్గరికి జరిగారు. అప్పుడే నాకు మొదటిసారి నవ్వులాట పోయింది. గౌరమ్మ పట్టు ఇంకా బిగించింది. నా కూతుర్ని ఆమె నానుంచి కాపాడుతోంది. ఆమె చూసినదాన్నిబట్టి అలా కాపాడటమే న్యాయం. నేనే ఆమె స్థానంలో ఉంటే, నాలాంటివాడికి పిల్లను ఇచ్చేవాణ్ణి కాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను నలుగురు తండ్రుల్ని చేయబోయి, ఉన్న ఒక్కణ్ణీ పోగొట్టాను.

వాచ్‌మన్ కొడుకు సైకిలు మీద వెళ్ళి చెప్పినట్టున్నాడు, కాసేపటికి సత్యవతి రిక్షాలో వచ్చింది. ఏడాది పొడుగునా చీరలు ఎంచి ఎంచి కట్టిన మనిషి, ఆ రోజు పసుపు మరకల వంటింటి చీరతో, ఊడిపోయిన ముడితో, కట్టుకట్టిన ఒక కాలితో, చెప్పున్న ఇంకో కాలితో దిగింది. పిల్ల కనబడేదాకా ఆవిడ ఎవరినీ చూడలేదు.

టీచరమ్మ ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, గొంతు తగ్గించి అడిగారు: “అమ్మా, మీ ఇంట్లో మగవాళ్ళు ఎంతమంది?”

“ఒక్కడేనమ్మా. ఆ ఒక్కడితోనే ఏగనేకపోతన్నాను.”

“ఇతను మీ ఆయనేనా?”

సత్యవతి నన్ను బూట్లనుంచి పైకి చూడటం మొదలుపెట్టింది. మెల్లగా చూసింది. ముఖం దాకా వచ్చి ఆగింది. రేవులో ఏదో ఓడ కూత వేసి ఊరుకుంది. ఆవిడ చూపు మాత్రం నా ముఖం మీదే ఉంది.

“మా ఆయనకి కోటు నేదమ్మా,” అంది చివరికి.

వాచ్‌మన్ నా రెండో మోచెయ్యి కూడా పట్టుకున్నాడు.

“సత్యా! ఒక్క బట్టలే మార్సినాను, ఇంకేటీ మార్సలేదు! నువ్వే కదేటి లుంగీతో ఎల్లి సూడమన్నావు!”

ఆవిడ నుదురు కొట్టుకుంది. “మా ఆయనేనమ్మా. కోటు సూసి పోల్సుకోనేకపోయాను. మొగం సూసి అనుమానపడ్డాను. ఈ మాట ఇన్నాక అనుమానం నేదు. ఇలాటి పని సేసేవోడు ఈ ఊర్లో ఇంకోడు నేడు.”

“నాన్నని ఇప్పుడు సెప్పొచ్చా?” అంది పద్మ వెక్కుతూ. నేను తల ఊపాను. “నాన్నా!” అని అది పెట్టిన కేకకు గొళ్ళెం దానంతటదే ఊడివచ్చిందని అప్పారావు అంటాడు. అతను అక్కడ లేడు.

కొంచెం ధైర్యం వచ్చాక గౌరమ్మతో అన్నాను: “రోజూ ఇదే మొగం కదమ్మా, గుర్తుపట్టనేదా?”

“మొన్నాదోరం జాలరిపేటలో వంజరం బేరమాడినారు కద బాబూ. అమ్మింది మా అప్ప. పక్కన నిల్సుని తూసింది నాను. మీరు గుర్తుపట్టినారేటి?”

చేప కళ్ళు తాజాగా ఉన్నాయో లేదో వంగి మరీ చూసినట్టు నాకు బాగా గుర్తుంది.

అంతా విన్న టీచరమ్మ నన్ను వదిలేసి సత్యవతి వైపు తిరిగారు. “పిల్లకు ఎండ పడదని ఒక్క ముక్క చెబితే సరిపోయేది కదమ్మా. ఎవరైనా అడిగితే ఇస్తాను. మీరెవరూ అడగరు, కుళాయి దగ్గర మాట్లాడుకుంటారు.” పద్మకు ‘ఎ’ సెక్షను వచ్చింది. నా ప్రయోగం ఏమీ తేల్చలేదు.

కనుక ఇదే నా ప్రతిజ్ఞ: నోరు తెరిచి అడిగితే తెలిసేదాన్ని ఇక ఏ జన్మలోనూ చాటుగా పరీక్షించను, ఎరువు తెచ్చుకున్న కోటులో కొండ ఎక్కను, చిన్నపిల్లకు ఇచ్చే ఆజ్ఞలో ‘నేనడిగినా’ అన్న మాట కలపను.

తేలనిది ఒక్కటే మిగిలింది. నా ముఖం దాకా వచ్చి ఆగిన ఆ కాసేపూ సత్యవతి నన్ను పోల్చుకోలేక ఆగిందా, పోల్చుకొని, ఒప్పుకోవడమా మానడమా అని ఆలోచించిందా? ప్రతిజ్ఞ ప్రకారం సూటిగానే అడిగాను. ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకొని ఒకే మాట అంటుంది.

“సెప్పకూడదు.”