కంట్లో చుక్క

నిన్న సాయంత్రం కర్నూలు పాతబస్తీలో ఒక బట్టల కొట్టాయన దీపాలు పెట్టే వేళ వాకిట్లో నీళ్లు చల్లాడు. పగలంతా ఎండకు కాలిన బండల మీద నీళ్లు పడగానే గుప్పున వేడి వాసన లేచింది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ వాసన తగిలితే చాలు, ఎస్తేరక్క నా మోచెయ్యి పట్టుకుని పక్కనే నిలబడినట్టుంటుంది.

ఎస్తేరక్క మా వీధి చివర ఫోటో స్టూడియో నడిపేది. పగలు పాస్‌పోర్టు ఫోటోలు తీసేది. పొద్దుగూకితే వీధిలోకి బయల్దేరి టీ కాచేవాళ్లనూ, పూలమ్మేవాళ్లనూ, హమాలీలనూ తీసేది. ఇల్లు మాత్రం రాత్రి పెళ్లిళ్ల మీదే గడిచేది. అలాంటి మనిషికి రేచీకటి వచ్చింది, చూడండి! ఆ సంగతి ఆమెకూ, డిగ్రీ అయ్యాక పని నేర్చుకుందామని చేరిన నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఊళ్లో పొక్కితే ఇంక ఆమెను పెళ్లికి ఎవరు పిలుస్తారు? అందుకే ఆమెతో రాత్రి బయటికి వెళ్లాలంటే నాకు భయమేసేది. మెట్టు వస్తే, నా మోచెయ్యి పట్టుకున్న ఆమె చేతిని నొక్కేదాన్ని. ఆమె ఏదో కబురు చెబుతూ, నవ్వుతూ దిగేసేది.

"మనిషి మీదికి వెలుతురు ఇసరగాకు పాపా. వెలుతురు కాడికి మనిషిని పిల్చు," అనేది. వీధిదీపానికి సరిగ్గా కింద నిలబెడితే కళ్లు గుంతలు పడ్డట్టు నల్లగా వస్తాయి. అందుకని మనిషిని ఇవతలికి జరిపి, కొట్టు లైటు వైపు మొహం తిప్పి, ఎదురుగా తడిబండ ఉండేలా చూసుకునేది. బండ మీద పడ్డ వెలుతురు కింది నుంచి మొహానికి అందేది. వెనకున్న బోర్డులూ బండ్లూ చీకట్లో కలిసిపోయి, మొహం ఒక్కటే మిగిలేది. ఆఖరున గొంతు తగ్గించి నన్ను అడిగేది: "కంట్లో చుక్క పడిందా?" కనుపాపలో మెరిసే దీపమే ఆ చుక్క. పడిందని నేను చెబితేనే బటన్ నొక్కేది.

ఒక రాత్రి టీ బండి ఆయన్ని తీస్తున్నాం. వెనక, మూసిన కొట్టు అరుగు మీద చీకట్లో ఎవరో ఉన్నట్టు నేనూ గమనించలేదు. ఆ అరుగు మీది మనిషి ఒక్క ఉదుటున లేచి వచ్చి, అక్క చేతిలోని కెమెరా లాక్కున్నాడు.

"ఎవురు పంపిచ్చినారు మిమ్మల్ని? నా ఫోటో ఎందుకు తీస్తాండారు? పగలగొడతా దీన్ని!"

టీ తాగేవాళ్లు గ్లాసులు కింద పెట్టేశారు. అక్క మాత్రం గొంతు వినిపించిన వైపు తిరిగి, "నిన్ను తీయలేదప్పా. కెమెరా ఇయ్యి," అని చెయ్యి చాచింది. ఆ చెయ్యి కెమెరాకు జానెడు పక్కగా, ఉత్తగాలిలోకి పోయింది. అయ్యో, అనుకున్నాను. పట్టుకుని సరిచేద్దామంటే అందరూ చూస్తున్నారు.

ఆయన ఆ చేతినే చూశాడు. కెమెరాను మెల్లగా ఇంకో పక్కకు జరిపాడు. అక్క చెయ్యి కదల్లేదు.

"అక్కా... నీకు కానరాదా?"

కంట్లో దుమ్ము పడిందని అబద్ధమాడబోయాను. అక్క నా మోచెయ్యి గట్టిగా నొక్కింది.

"చీకట్లో కానరాదప్పా. నువ్వెవురో, ఎట్లుండావో నాకు తెలీదు. ఇంక నీ ఫోటో ఎట్ల తీస్తా? నువ్వే ఈడికి, వెలుతురులోకి రా. అప్పుడు తీస్తా."

ఆయన వచ్చాడు. కెమెరాను ఆమె చేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ మూసి మరీ వదిలాడు. ఎవరికి భయపడి చీకట్లో కూర్చున్నాడో చెప్పలేదు, మేమూ అడగలేదు. "తియ్యక్కా," అన్నాడంతే.

"కంట్లో చుక్క పడిందా పాపా?" ఈసారి అందరికీ వినపడేలా అడిగింది.

"పడిందక్కా."

భయపడినట్టే అయింది. వారం తిరక్కుండా ఒప్పుకున్న పెళ్లిళ్లు ఒక్కొక్కటే జారిపోయాయి. నాకు ఊరి మీద ఒళ్లు మండిపోయింది. కానీ ఆ వీధి మాత్రం వేరుగా నడుచుకుంది. మేము మలుపు తిరగడమే ఆలస్యం, మనుషులు చీకట్లోంచి లేచి వాళ్లంతట వాళ్లే దీపం దగ్గరికి వచ్చి, "అక్కా, ఈడుండా!" అని కేకేసేవాళ్లు. ఆ కేక వైపే అక్క నడిచేది. చూపు పూర్తిగా పోయేదాకా అలాగే తీసింది.

అక్క ఇప్పుడు లేదు. నిన్న ఆ కొట్టాయన్ని తడిబండ దగ్గరికి పిలిచి నిలబెట్టాను. కెమెరా కంటికి ఆనించుకుని, అలవాటుగా పైకే అడిగాను: "చుక్క పడిందా?"

"ఎవురితో మాట్లాడతాండావమ్మా?" అన్నాడాయన, నా వెనక్కి చూస్తూ.

"పడిందక్కా," అని చెప్పి, నొక్కాను.